పదిహేడో ఏట వదిలేసిన లెక్కలు

ఈ కథ చివర ఏం జరిగిందో మొదటే చెప్పేస్తాను. 1989లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో కలిపి ఏ-లెవెల్ గణితం పరీక్షకు కూర్చున్నవాళ్లు 85 వేలకు కాస్త అటూ ఇటూ. 2001 వేసవి వచ్చేసరికి వాళ్లు 66 వేల చిల్లర. 2002 వేసవికి 54 వేలు. మొదట దాదాపు ఇరవై వేలమంది తరిగిపోవడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ తర్వాత పన్నెండు వేలమంది తరిగిపోవడానికి ఒక్క ఏడాది చాలింది. ఆ ఏడాది యుద్ధం రాలేదు, కరువు రాలేదు, బడులు మూతపడలేదు. పిల్లలు బడికి వస్తూనే ఉన్నారు. పక్క గదుల్లో కూర్చుని వేరే పాఠాలు వింటూనే ఉన్నారు. లెక్కల గదిలో మాత్రం లేరు.

వాళ్లలో చాలామంది అంతకుముందు ఏడాది ఆ గదిలో ఉన్నవాళ్లే. ఎవరూ బలవంతం చేయకుండా, తమంతట తాము గణితం కావాలని వచ్చినవాళ్లే. ఈ సంగతి గుర్తుంచుకోమని అడుగుతున్నాను. ముందు ముందు వచ్చే తారీఖుల మధ్య, సంఖ్యల మధ్య అది మరుగున పడిపోతుంది.

మన పిల్లలు పదో తరగతి అయ్యాక ఇంటర్‌లో చేరినట్టే, ఇంగ్లండ్‌లో పదహారేళ్లకు జీసీఎస్ఈ పరీక్షలు రాసి సిక్స్త్ ఫారం అనే రెండేళ్ల చదువులోకి వెళ్తారు. దాని చివర ఉండేది ఏ-లెవెల్. ఎంపీసీ, బైపీసీ అన్న గ్రూపులు అక్కడ లేవు. ఎవరికి నచ్చిన మూడు సబ్జెక్టులు వాళ్లు తీసుకుంటారు. చరిత్ర, ఫ్రెంచి, గణితం కలిపి చదివేవాళ్లుంటారు; గణితం ఊసే లేకుండా చదివేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. 2010లో నఫీల్డ్ ఫౌండేషన్ సంస్థ చాలా దేశాలను పోల్చి చూసినప్పుడు, పదహారేళ్ల తర్వాత ఏదో ఒక స్థాయిలో గణితం చదివేవాళ్లు ఇంగ్లండ్‌లో 20 శాతం లోపేనని తేలింది. తక్కిన దేశాల్లో అంత తక్కువ దాదాపు ఎక్కడా లేదు. కాబట్టి అక్కడ ఏ-లెవెల్ గణితం గదిలో కూర్చున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ దాన్ని కోరి ఎంచుకున్నవాళ్లు. అలాంటి గదిలో ఒక్క కుర్చీ ఖాళీ అయినా, ఒక ఇష్టం ఎక్కడో చచ్చిపోయిందని అర్థం.

ఆ గదిలో వాళ్లకు దొరికేదేమిటో తెలియకపోతే పోయినదేమిటో తెలియదు. ఒక పాఠం దగ్గర కాసేపు ఆగుదాం.

నల్లబల్ల మీద ఒక పరావలయం. ప్రతి సంఖ్యకూ ఎదురుగా దాని వర్గాన్ని పెట్టి గీసినది. ఒకటి దగ్గర ఉన్న బిందువులో ఆ రేఖ ఎంత వాలుగా లేస్తోంది? అది ప్రశ్న. వాలు కట్టాలంటే రెండు బిందువులు కావాలి కదా, ఒక్కదానికి వాలేమిటని పిల్ల అడుగుతుంది. మంచి ప్రశ్న, సరే రెండోది కాస్త దూరంలో పెట్టు, అంటారు మాస్టారు. 1.1 దగ్గర పెడితే రెండింటినీ కలిపే గీత వాలు 2.1. ఇంకా దగ్గరికి జరుపు. 1.01 దగ్గర 2.01. ఇంకా జరుపు. 1.001 దగ్గర 2.001. ఆ పిల్ల క్యాలిక్యులేటర్ పక్కన పెట్టేస్తుంది. తర్వాత వచ్చేది తనకు తెలుసు. ఆ బిందువులు రెండూ కలవకూడదు. కలిస్తే సున్నాతో భాగించాల్సి వస్తుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది. కలవకుండానే ఆ వాలు 2 వైపుకు వెళ్తోంది, మరి దేనివైపుకూ వెళ్లడం లేదు. 17వ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ నిలబడ్డ చోటది. ఏ చిన్న ఊరి బడిలోనో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆ పిల్ల కూడా అక్కడికి వచ్చి నిలబడింది.

ఇది చెప్పడానికి ఒక పీరియడు చాలు. నమ్మడానికి చాలదు. మొదటి వారం పిల్లలు సూత్రం బట్టీ పడతారు: ఘాతాన్ని ముందుకు తెచ్చి, ఒకటి తగ్గించాలి. రెండో వారం హోంవర్క్‌లో తప్పులు చేస్తారు. స్పర్శరేఖ సమీకరణం రాయమంటే వాలు స్థానంలో ఇంకేదో రాస్తారు. మూడో వారమో, ఐదో వారమో, వేరే ఏదో లెక్క చేస్తుండగా, ఉన్నట్టుండి ఆ పాత బొమ్మ కళ్ల ముందు కదులుతుంది. బిందువులు జరుగుతాయి, గీత తిరుగుతుంది, స్పర్శరేఖ అవుతుంది. అర్థమవడమంటే అదీ. అది ఎప్పుడొస్తుందో ఏ మాస్టారూ చెప్పలేరు. ఒకళ్లకు అక్టోబరులో వస్తుంది, ఇంకొకళ్లకు మార్చిలో, మరొకళ్లకు రెండో ఏడాది క్రిస్మస్ సెలవులు అయ్యాక. పాత ఏ-లెవెల్‌లో గొప్పదనం ఏదైనా ఉందంటే, ఈ ముగ్గురినీ ఒకే గదిలో రెండేళ్లు కూర్చోబెట్టి, ముగ్గురికీ వేళ ఇవ్వడమే.

శుద్ధ గణితం పక్కనే యాంత్రిక శాస్త్రం ఉండేది. గోడకు ఆనించిన నిచ్చెన, దాని మీద ఎక్కుతున్న మనిషి, కాళ్ల కింద నేల ఘర్షణ. ఎన్నో మెట్టు దగ్గర నిచ్చెన జారుతుంది? బీజగణితం, త్రికోణమితి, న్యూటన్ నియమాలు ఒక్క బొమ్మలో కలిసే చోటది. ఇంకా ఇష్టమున్నవాళ్లకు డబుల్ మ్యాథ్స్ ఉండేది. దాని అసలు పేరు ఫర్దర్ మ్యాథమెటిక్స్. సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, అవకలన సమీకరణాలు అందులోకి వచ్చేవి. తరగతిలో నలుగురో ఐదుగురో ఉండేవారు. మాస్టారికి కూడా ఆ గంట అంటే ప్రాణం, ఎందుకంటే తాను విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నది బయటికి తీయడానికి ఆయనకు దొరికే చోటు అదొక్కటే.

పతనం ఒక్కసారిగా మొదలవలేదు. 1988లో ఓ-లెవెల్, సీఎస్ఈ అనే రెండు పాత పరీక్షలు పోయి, వాటి స్థానంలో అందరికీ ఒకటే జీసీఎస్ఈ వచ్చింది. పదహారేళ్లలోపు పిల్లలను రెండు జాతులుగా విడదీసే పద్ధతి పోవడం మంచిదే. దాన్ని నేను తప్పు పట్టను. కానీ గణితంలో మాత్రం మూడు అంచెలు మిగిలాయి. మధ్య అంచె పరీక్ష రాసినవాళ్లకు వచ్చే గరిష్ఠ గ్రేడు బి. పై అంచెలో ఉన్న బీజగణితంలో చాలా భాగం వాళ్లకు చెప్పనేలేదు. బి అంటే మంచి గ్రేడే కదా అని పిల్లలూ అనుకున్నారు, ఇంట్లోవాళ్లూ అనుకున్నారు. ఆ బి చేతపట్టుకుని ఏ-లెవెల్ గదిలోకి అడుగుపెట్టిన పిల్లాడికి మొదటి వారంలోనే వర్గ సమీకరణాలు ఎదురయ్యేవి. తన వెనక బెంచీలోవాడికి అవి నిరుడే వచ్చు. తప్పు తనదే అనుకునేవాడు.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. 1995లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్స్, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ కలిసి ఒక నివేదిక తెచ్చాయి. విశ్వవిద్యాలయాలకు వస్తున్న పిల్లలకు బీజగణితంలో చేయి తిరగడం లేదని, రెండు మూడు మెట్లున్న సమస్య వస్తే చేతులెత్తేస్తున్నారని, గణితంలో నిరూపణ, కచ్చితత్వం అన్నవాటికి ఉన్న స్థానమే వాళ్లకు తెలియడం లేదని రాశాయి. 2000 జూన్‌లో ఇంజనీరింగ్ కౌన్సిల్ మరో నివేదిక వేసింది. కోవెంట్రీ విశ్వవిద్యాలయంలో 1991 నుంచి, గణితం అవసరమైన కోర్సుల్లో కొత్తగా చేరినవాళ్లకు ఒకటే సామర్థ్య పరీక్ష పెడుతూ వచ్చారు. ఏళ్లు గడిచేకొద్దీ, ఏ-లెవెల్‌లో అదే గ్రేడు తెచ్చుకున్నవాళ్లు ఆ పరీక్షలో అంతకంతకూ తక్కువ మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ దశాబ్దం చివరికి బి గ్రేడు వాళ్లు, 1991లో ఏ-లెవెల్ తప్పినవాళ్ల స్థాయి దగ్గరికి వచ్చారు. ఆ నివేదికలు చదివిన అధికారి ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది: ఈ పిల్లలకు ఇప్పుడు కావలసింది ఇంకాస్త సమయమా, ఇంకాస్త తొందరా? ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే కోవెంట్రీ బల్లల మీద ఉంది. అప్పుడు తిరిగి ఉండవచ్చు, కథ. తిరగలేదు.

సర్ రాన్ డియరింగ్ 1996లో పదహారేళ్ల తర్వాతి చదువుల మీద ఒక సమీక్ష చేశారు. ఇంగ్లండ్ పిల్లలు మరీ చిన్న వయసులో మరీ ఇరుకు చదువులోకి పోతున్నారన్నది చాలాకాలంగా ఉన్న బాధ. దానికి మందుగా 2000 సెప్టెంబరులో కరికులం 2000 అనే కొత్త పద్ధతి మొదలైంది. రెండేళ్ల ఏ-లెవెల్‌ను రెండు ముక్కలు చేశారు. మొదటి ఏడాది ఏఎస్, రెండో ఏడాది ఏ2. ఒక్కోదానిలో మూడు మాడ్యూళ్లు, మొత్తం ఆరు. మొదటి ఏడాది నాలుగు సబ్జెక్టులో ఐదో తీసుకోండి, ఏఎస్ అయ్యాక మూడు ఉంచుకోండి, మిగిలింది వదిలేయండి అన్నారు. సైన్సు పిల్లాడు ఒక భాష నేర్చుకుంటాడు, సాహిత్యం చదివే పిల్ల గణితం రుచి చూస్తుంది, అందరి చదువూ వెడల్పవుతుంది అన్నది ఆశ. చెడ్డ ఆశ కాదు. ఈ కథలో దుర్మార్గులు లేరు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోగలిగితే దుఃఖం కొంత తేలికయ్యేదేమో, ఆ వీలు కూడా లేదు.

సెప్టెంబరులో తరగతులు మొదలయ్యాయి. పదహారేళ్ల పిల్లలు, మూడు మాడ్యూళ్లు, మేలో పరీక్షలు. మధ్యలో అక్టోబరు సెలవులు, క్రిస్మస్, ఫిబ్రవరి సెలవులు, ఈస్టర్. ఏప్రిల్ అంతా పునశ్చరణ. పాఠం చెప్పడానికి మిగిలింది రెండు టర్ములు, ఆ పైన నాలుగు రోజులు. కొన్ని బడులు మొదటి శుద్ధ గణితం మాడ్యూలు పీ1ను జనవరిలోనే రాయించాయి, అంటే నాలుగు నెలల్లో. మిగతా సబ్జెక్టుల్లో ఏఎస్‌ను కాస్త తేలిక చేసుకునే వీలుంది: రెండు పుస్తకాలకు బదులు ఒకటి చదివించవచ్చు, ఒక యుగాన్ని రెండో ఏడాదికి నెట్టేయవచ్చు. గణితంలో పాఠాలు ఒకదాని మీద ఒకటి నిలబడతాయి. మొదటి ఏడాది పాఠ్యాంశాలు మోయాల్సిన బరువంతా మోస్తూనే ఉన్నాయి, పైన అనువర్తిత గణితం మాడ్యూళ్లు కూడా.

పరావలయం దగ్గర నిలబడ్డ పిల్లకు ఇప్పుడు మూడో వారం లేదు. సూత్రం బట్టీ పట్టిన వారంలోనే సమాకలనం మొదలైంది, ఆ వెంటనే త్రికోణమితి సమీకరణాలు, ఆ వెంటనే యాంత్రిక శాస్త్రమో సాంఖ్యక శాస్త్రమో. నాటిన నారు వేరు పట్టిందో లేదో చూడటానికి పీకి చూసినట్టు, అర్థమవడం మొదలైందో లేదో చూడటానికి పరీక్ష పెట్టారు. మన ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్ష తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. మన దగ్గర ఆ మార్కులు పోయినా గ్రూపు మారదు. బెటర్‌మెంట్ రాసుకుని రెండో ఏడాదీ అదే లెక్కలు చదువుతారు. అక్కడ ఆ మార్కుల వెనకాలే ఒక తలుపు ఉంది, తెరిచి ఉంది. ఏదో ఒక సబ్జెక్టు వదిలేసి ఆ తలుపులోంచి వెళ్లిపొమ్మని పద్ధతే చెబుతోంది.

2001 ఆగస్టు. ఏ-లెవెల్ ఫలితాలతోపాటే మొట్టమొదటి ఏఎస్ ఫలితాలూ వచ్చాయి. గణితంలో పదిమందిలో దాదాపు ముగ్గురు తప్పారు. పెద్ద సబ్జెక్టుల్లో ఇంకెక్కడా అంతమంది తప్పలేదు. తప్పినవాళ్లు బలహీనులు కారు. జీసీఎస్ఈలో మంచి గ్రేడులు తెచ్చుకుని, కోరి వచ్చినవాళ్లు. అంతకుముందు వాళ్లు ఏ సబ్జెక్టులోనూ తప్పి ఎరగరు. చేతిలో కాగితం: ఇంగ్లీషు బి, భూగోళం బి, జీవశాస్త్రం సి, గణితం యు. యు అంటే ఏ గ్రేడుకూ అర్హత లేదని. నాలుగింట్లో ఒకటి వదలాలి. ఏది వదలాలో అడగాల్సిన పనే లేదు.

తప్పినవాళ్లే కాదు, అత్తెసరుగా గట్టెక్కినవాళ్లూ వదిలేశారు. గణితంలో డి, మిగతా మూడింటిలో బి వచ్చిన పిల్లకు ఎవరు చెప్పగలరు, నీకు లెక్కలు రావడం మొదలైంది, ఇంకో ఏడాది ఆగితే అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి అని? మాస్టారికి తెలుసు. ఆయన అలాంటివాళ్లను ఎంతమందినో చూశాడు. పాత పద్ధతిలో ఆ పిల్లే రెండో ఏడాది చివర బి తెచ్చుకునేది. కానీ విశ్వవిద్యాలయం దరఖాస్తులో గ్రేడు రాయాలి, బడికి ఫలితాల పట్టిక ఉంది, పిల్లకు పదిహేడేళ్లు, కాగితం మీద డి ఉంది. మాస్టారు ఏం చెప్పినా బుజ్జగింపులాగే వినిపిస్తుంది. ఆ ఆగస్టులో, ఆ సెప్టెంబరులో, ఎన్ని బడుల్లో ఎన్నిసార్లు ఈ సంభాషణ జరిగి ఉంటుందో! ఒక్కో సంభాషణ ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఒక జీవితంలోంచి గణితం వెళ్లిపోతుంది, దాంతోపాటు ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం, అర్థశాస్త్రంలో లోతైన సగం, అన్నీ నిశ్శబ్దంగా వెళ్లిపోతాయి.

అప్పుడైనా ఆపగలిగేవాళ్లు. ఆ వేసవిలోనే కొత్త విద్యామంత్రి ఎస్టెల్ మోరిస్ ఏఎస్ మీద సమీక్షకు ఆదేశించారు. పరీక్షల భారం ఎక్కువైందన్న మాట దేశమంతా వినబడుతోంది. శుద్ధ గణితాన్ని చిన్న ముక్కలు చేసి, మొదటి ఏడాది బరువు తగ్గించి ఉంటే చాలు. ఆ మార్పే చివరికి చేశారు కూడా, కానీ 2004 సెప్టెంబరులో. మధ్యలో మూడేళ్లు. మూడు బ్యాచ్‌ల పిల్లలు అదే గదిలోకి వచ్చి, అదే పరీక్ష రాసి, అదే తలుపులోంచి బయటికి వెళ్లారు. రెండేళ్ల క్రమాన్ని అందరి మీదా పెట్టేముందు, కొన్ని బడుల్లో మొదటినుంచీ చివరిదాకా నడిపి చూసి ఉంటే మొదటి బ్యాచ్‌కే ఇది తెలిసిపోయేది. నడిపి చూడలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ చోటే. మందు తెలియని జబ్బు కాదిది.

2002 ఆగస్టులో మొదటి ఏ2 ఫలితాలు వచ్చాయి. గణితం రాసినవాళ్లు 54 వేలకు పడిపోయారన్న వార్త రావలసిన సమయమది. సెప్టెంబరు వచ్చేసరికి దేశం దృష్టి అంతా ఇంకో గొడవ మీదికి మళ్లింది. పరీక్ష బోర్డులు గ్రేడుల గీతలను చివరి నిమిషంలో జరిపాయన్న ఆరోపణలు, విచారణ, అర్హతల సంస్థ అధిపతి సర్ విలియం స్టబ్స్ పదవి పోవడం, అక్టోబరులో ఎస్టెల్ మోరిస్ రాజీనామా. పత్రికల నిండా అదే. గ్రేడు తగ్గిన పిల్లలకు అన్యాయం జరిగిందని అందరూ మాట్లాడారు, మాట్లాడాలి కూడా. అసలు పరీక్ష దాకా రాకుండానే ఆగిపోయిన పిల్లల తరఫున మాట్లాడటానికి మాత్రం ఎవరి చేతిలోనూ కాగితం లేదు. రాయని పరీక్షకు మార్కుల జాబితా ఉండదు.

డబుల్ మ్యాథ్స్ సంగతి ఇంకా దయనీయం. ఆరు మాడ్యూళ్ల గణితానికే పిల్లలు తట్టుకోలేకపోతుంటే, దాని పైన మరో ఆరు తీసుకునేవాళ్లు ఎంతమంది? ఆ దశాబ్దం మొదట్లో ఫర్దర్ మ్యాథమెటిక్స్ ఏ-లెవెల్ రాసింది దేశం మొత్తం మీద ఐదారు వేలమంది. ఇద్దరు పిల్లల కోసం పీరియడు కేటాయించలేమని బడులు చేతులెత్తేశాయి. మాస్టార్లు కొందరు మధ్యాహ్న భోజనం వేళ కూర్చోబెట్టి చెప్పారు. ఆ మాస్టారు రిటైరైన రోజున ఆ బడిలో ఆ సబ్జెక్టు ముగిసింది. ఫీజులు కట్టే పెద్ద బడుల్లో అది బతికింది. మామూలు బడిలో, మామూలు ఊళ్లో పుట్టిన గణితజ్ఞురాలికి, అలాంటి సబ్జెక్టు ఒకటి ఉందనే తెలియకుండా పోయింది. ఇక్కడొక చిన్న దీపం గురించి చెప్పాలి. ఎంఈఐ అనే గణిత విద్యా సంస్థ గాట్స్‌బీ ఫౌండేషన్ డబ్బుతో 2000లోనే ఒక ప్రయత్నం మొదలుపెట్టింది: వేర్వేరు బడుల్లో ఒంటరిగా ఉన్న పిల్లలను ఒక కేంద్రంలో చేర్చి ఫర్దర్ మ్యాథ్స్ చెప్పడం. అది 2005లో దేశవ్యాప్త నెట్‌వర్క్ అయింది. ఆ సబ్జెక్టు ఈరోజు బతికి ఉందంటే వాళ్ల పుణ్యం చాలా ఉంది.

2002లోనే ప్రొఫెసర్ ఏడ్రియన్ స్మిత్‌ను పదహారేళ్ల తర్వాతి గణితం చదువు మీద విచారణకు నియమించారు. సాంఖ్యక శాస్త్రవేత్త, లండన్‌లోని క్వీన్ మేరీ కళాశాల ప్రిన్సిపల్. 2004 ఫిబ్రవరిలో ఆయన నివేదిక వచ్చింది. ప్రభుత్వ నివేదికల్లో మాటలు మెత్తగా ఉంటాయి. ఇందులో కరికులం 2000 గణితానికి విపత్తు అని రాసి ఉంది. ఇంకో సంఖ్య కూడా ఉంది: ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో అర్హులైన గణితం ఉపాధ్యాయులు దాదాపు 3,400 మంది తక్కువ. ఆ రెండూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. నేను చదివేటప్పుడు మాత్రం పక్కపక్కనే కనబడ్డాయి. 2001లో గణితం వదిలేసినవాళ్లు వదలకపోయి ఉంటే, అందులో కొందరు 2005లో పట్టా తీసుకుని, 2006లో బడుల్లో మాస్టార్లయి ఉండేవారు. అర్థమవడం మార్చిలో మొదలైన పిల్లే, అలాంటి మరో పిల్లతో ఓపికగా మాట్లాడగలిగే టీచరయ్యేది. గణితంలో మొదటినుంచీ చురుగ్గా ఉన్నవాళ్లు దొరుకుతారు. నెమ్మదిగా నేర్చుకున్న మాస్టారు దొరకడం కష్టం, బడికి ఎక్కువ అవసరమైంది ఆ మాస్టారే.

విశ్వవిద్యాలయాల్లో ఈ నష్టాన్ని ఎదుర్కొన్నవాళ్లు వేరే. కోవెంట్రీ, లఫ్‌బరో లాంటి చోట్ల గణిత సహాయ కేంద్రాలు అప్పటికే తెరిచారు. ఎవరైనా రావచ్చు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది కుర్రాళ్లు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, మనస్తత్వశాస్త్రంలో గణాంకాలు చూసి భయపడ్డవాళ్లు వచ్చి బల్ల ముందు కూర్చునేవారు. పక్కన కూర్చున్న లెక్చరర్ కాగితం మీద నెమ్మదిగా రాసి చూపేవారు, లాగరిథం అంటే ఏమిటి, ఈ సమీకరణంలో ఆ పదాన్ని అటువైపు ఎందుకు పంపకూడదు. పదహారేళ్లకు దొరకని సమయాన్ని పంతొమ్మిదేళ్లకు తలా అరగంట చొప్పున పంచిపెట్టారు.

తర్వాత సంఖ్యలు తిరిగి లేచాయి. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2004 సెప్టెంబరు నుంచి శుద్ధ గణితాన్ని కోర్ 1 నుంచి కోర్ 4 దాకా నాలుగు చిన్న మాడ్యూళ్లుగా పరిచారు. అనువర్తిత గణితాన్ని మూడు నుంచి రెండుకు తగ్గించారు. మొదటి ఏడాది ఊపిరి ఆడింది. 2010 నాటికి ఏ-లెవెల్ గణితం రాసినవాళ్లు 77 వేలు, 2017 నాటికి 95 వేల దాకా. ఈ మధ్య లక్ష దాటారు. 2014 నుంచి అక్కడ అన్నిటికంటే ఎక్కువమంది రాసే ఏ-లెవెల్ గణితమే. నిజమే, సంతోషమే. దానికి చెల్లించిన ధర కూడా ఉంది: నిచ్చెన ఎక్కిన మనిషి, ఘర్షణ, జారిపోయే మెట్టు, ఆ లోకంలో చాలా భాగం కొత్త కాలపట్టికలో పట్టలేదు. ఆపైన 2017లో ఏఎస్‌ను ఏ-లెవెల్ నుంచి విడదీశారు, రెండేళ్ల చివర ఒకటే పరీక్ష పెట్టారు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లకు ఆ పాత రెండేళ్లు మళ్లీ దొరికాయి. అయితే అప్పటికి ప్రభుత్వం ఎన్ని సబ్జెక్టులు చదివినా ఒకటే మొత్తం ఇస్తోంది. నాలుగో సబ్జెక్టు బడికి భారం. నాలుగోది అంటే చాలామందికి ఫర్దర్ మ్యాథ్సే. 2017లో 16 వేలు దాటిన దాని సంఖ్య 2019కి 14 వేల చిల్లరకు దిగింది.

పైకి లేచిన గీత చూసి ఊరట చెందమంటారు. అది కొత్త పిల్లల గీత. పాతవాళ్లు దానిలో లేరు. విశ్వవిద్యాలయాల్లో, ఉద్యోగాల్లో, పెళ్లిళ్లలో, వలసల్లో చెదిరిపోయిన వాళ్లెవరూ సిక్స్త్ ఫారం గదికి తిరిగి రాలేదు. ఆ గదికి తిరుగు దారి ఉండదు. 2004 సెప్టెంబరులో కోర్ 1 పుస్తకాలు, సన్నవి, కొత్తవి, బల్లల మీదికి వచ్చాయి. అందులో స్పర్శరేఖ పాఠానికి కావలసినంత చోటు ఉంది. 2001 ఆగస్టులో గణితం యు తెచ్చుకుని ఆ సబ్జెక్టు వదిలేసిన పిల్లకు అప్పటికి ఇరవయ్యో ఇరవై ఒకటో. తను ఎంచుకున్న వేరే డిగ్రీలో ఆఖరి సంవత్సరం ఆ నెలలోనే మొదలవుతోంది. తనకు లెక్కలు రావని ఆమె అప్పటికి మూడేళ్లుగా నమ్ముతోంది.